ఐమూల పట్టీకి 28 అంగుళాల చదరం ఎందుకు చాల్లేదు? బొంత అంచు లెక్క చెప్పండి

గంటస్తంభం_కుట్లు (విజయనగరం):

అందరికీ నమస్కారమండి. పాత నూలు చీరలు ఐదు పొరలు పరిచి కుట్టిన బొంత ఉంది. పొడవు 90 అంగుళాలు, వెడల్పు 60. నాలుగు మూలలూ పళ్లెం బోర్లించి గీసి గుండ్రంగా కత్తిరించాను. పళ్లెం అడ్డం 8 అంగుళాలు. చేతికుట్టు పూర్తయింది, అంచు ఒక్కటే మిగిలింది. మెరూన్ పాప్లిన్‌తో ఐమూల పట్టీ (పోగు వెంట కాకుండా గుడ్డని ఏటవాలుగా, మూల నుంచి మూలకి కోసిన పట్టీ) వేద్దామనుకున్నాను. ముక్కలు ముక్కలుగా అతకకుండా, గుడ్డని గొట్టంలా కుట్టి చుట్టూ కత్తిరించుకుంటూ పోతే ఒకే పొడుగు పట్టీ వస్తుందే, ఆ పద్ధతిలో.

లెక్క ఇలా వేశాను. చుట్టుకొలత 300, పైన 15 కలిపి 315 అంగుళాలు. పట్టీ వెడల్పు రెండున్నర. 315ని 2.5తో గుణిస్తే 787.5, దాని వర్గమూలం 28.06. కాబట్టి 28 అంగుళాల చదరం తీసుకున్నాను. ఐమూలగా కోసి రెండు త్రిభుజాలూ కలిపి కుట్టి గీతలు గీస్తే ఏడు వరసలే వచ్చాయి. చివర్న దాదాపు రెండు అంగుళాల వెడల్పు ఎటూ కాకుండా మిగిలిపోయింది. ఒక్కో వరస సుమారు 38 అంగుళాలు, అంటే మొత్తం 266. కావలసినదానికి దాదాపు 50 అంగుళాలు తక్కువ! ఏటి తప్పు జరిగిందో తెలియడం లేదు.

ఇంకా గొట్టం కుట్టలేదు, పట్టీ కత్తిరించలేదు. గుడ్డ పన్నా (వెడల్పు) 44, కాబట్టి పక్కన 16 అంగుళాల వెడల్పు ముక్క మిగిలే ఉంది. ఈ గుడ్డతోనే గట్టెక్కే దారి ఉందా? ఇంకో బొంతకి గుడ్డ కొనేటప్పుడు ఎంత కొనాలి? గొట్టం కుట్టేటప్పుడు గీతలు ఎలా కలపాలి? కిందటిసారి గీతకి గీత సరిగ్గా కలిపితే పట్టీ రాలేదు, గాజుల్లాగ విడివిడి చుట్లు వచ్చాయి.


లెక్కల_పంతులమ్మ (శ్రీకాకుళం):

మీ గుణకారం తప్పు కాదమ్మా. ఆ సూత్రం వైశాల్యాన్ని చూస్తుంది, వరసల్ని చూడదు. పట్టీ అంటే నిండు వరసలే కదా, ఏడున్నర వరసలు ఉండవు. మీకు మిగిలిన ఆ రెండు అంగుళాలే సూత్రం లెక్కలో ఎనిమిదో వరసగా పడ్డాయి.

చదరాన్ని ఐమూలగా కోసి ఎదురెదురు నేరు పోగు అంచుల్ని కలిపి కుట్టాక ఏటవాలు చతుర్భుజం వస్తుంది చూడండి, దాని ఎత్తు చదరం భుజంలో 0.707 వంతు. 28కి 19.8. త్రిభుజాలు కలిపే కుట్టు దగ్గర ఇంకో మూడో వంతు అంగుళం దాకా పోవచ్చు. మిగిలిన పంతొమ్మిదిన్నరని రెండున్నరతో భాగిస్తే ఏడు నిండు వరసలు, శేషం. ఇక వరస పొడవు. అది భుజానికి 1.414 రెట్లు, 28కి 39.6. ఒక్కో వరసలో రెండు అతుకులు పడతాయి, రెండు వైపులా పావు అంగుళం కుట్టు మార్జిను ఐమూలగా తీసేసరికి అతుకుకి 0.7 చొప్పున 1.4 పోతుంది. మిగిలేది 38.2. ఏడు వరసలకి 267. మీకు వచ్చిన 266 అదే.

కాబట్టి సూత్రంతో వచ్చిన అంకెని అలాగే తీసుకోకుండా రెండు పరీక్షలు పెట్టుకోండి. మొదట భుజాన్ని 0.707తో గుణించి, అందులోంచి 0.35 తీసి, పట్టీ వెడల్పుతో భాగించి దశాంశాన్ని వదిలేయండి. అది వరసల సంఖ్య. తర్వాత భుజాన్ని 1.414తో గుణించి 1.4 తీసి, వరసల సంఖ్యతో గుణించండి. అది నిజంగా చేతికొచ్చే పొడవు. చాలకపోతే భుజానికి ఒక అంగుళం కలిపి మళ్లీ చూడండి.

మీ బొంతకే రెండున్నర పట్టీతో చూద్దాం. 29 తీసుకుంటే ఎనిమిది వరసలు, 317 అంగుళాలు. 315 కావాలంటే వచ్చినట్టే, కానీ చేతిలో ఏమీ మిగలదు. గీత కాస్త వంగినా, చదరం ఒక పావు తగ్గినా అంతే సంగతులు. 30 తీసుకుంటే అవే ఎనిమిది వరసలు, కానీ 328 అంగుళాలు. నేనైతే 30 అంటాను. పసిపిల్లల బొంత 36కి 45 అయితే చుట్టుకొలత 162, పైన 12 కలిపి 174. సూత్రం 21 అంటుంది, కానీ 21లో అయిదు వరసలే పడతాయి, 141 దగ్గర ఆగిపోతారు. 22లో లెక్క ప్రకారం ఆరు వరసలు పడతాయి గానీ ఒరుసుకుంటూ పడతాయి, 23 తీసుకోండి, 186 వస్తుంది. పెద్ద మంచం బొంత 90కి 100 అయితే 395 కావాలి. సూత్రం 31.4 అంటుంది, 33 తీసుకోండి, తొమ్మిది వరసలు, 407. అక్కడ 32తో సరిపెడదామనుకుంటే తొమ్మిదో వరస కుట్టు మార్జినులో కొట్టుకుపోయే ప్రమాదం ఉంది.

ఇంకొకటి. మీ చుట్టుకొలత 300 కాదు. మూలలు గుండ్రం చేశారు కదా. 8 అంగుళాల పళ్లెం అంటే వ్యాసార్ధం 4. ఒక్కో మూల దగ్గర రెండు వైపులా 4 చొప్పున 8 అంగుళాల నిలువంచు పోయి, దాని బదులు 6.3 అంగుళాల వంపు వచ్చింది. నాలుగు మూలలకి సుమారు 7 అంగుళాలు తగ్గి, అసలు చుట్టుకొలత 293 అవుతుంది. టేపుని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి వంపు వెంట కొలిస్తే ఇదే వస్తుంది. చేతితో కుట్టిన బొంత కుట్లకి ముడుచుకుని ఒక అంగుళం అటూ ఇటూ కావడం మామూలే, కాబట్టి కాగితం మీది కొలతని నమ్మకుండా కుట్టిన తర్వాత కొలవండి.


రాజాం_టైలరింగ్:

పంతులమ్మగారి లెక్క బాగుంది. ఇక చేతిలో ఉన్న గుడ్డ సంగతి.

గీతలు చెరిపి రెండుంబావు వెడల్పుకి మళ్లీ గీయండి. 19.45ని 2.25తో భాగిస్తే ఎనిమిది వరసలు పడతాయి, 305 అంగుళాలు వస్తుంది. 293కి పైన 12 అంగుళాలు. అంచు చివరలు కలపడానికి కనీసం 10 కావాలి గనక ఒరుసుకుంటూ సరిపోతుంది. అంత బిగువుగా ఉండడం నాకు నచ్చదు. అందుకని మిగిలిన 16 అంగుళాల ముక్కలోంచి ఐమూలగా ఒక్క రెండుంబావు పట్టీ తీయండి. అంచు కరుకుగా అల్లిన భాగం తీసేసి 15 అనుకున్నా 15కి 1.4 రెట్లు, 21 అంగుళాలు వస్తుంది, పొడుగు పట్టీ చివర అతికితే అతుకు పోను 20 మిగులుతుంది. మొత్తం 325. నిశ్చింతగా కుట్టవచ్చు.

రెండుంబావు ఐదు పొరల బొంతకి సరిపోతుందా అని అడుగుతారు. సరిపోతుంది, ఒక్క షరతు మీద. పట్టీని నిలువునా రెండుగా మడిస్తే ఒక అంగుళం, ఇంకో ఎనిమిదో వంతు. పావు అంగుళం మీద కుడితే కుట్టు లోపలికి పావు పోతుంది, ముందు వైపు పావు కనిపిస్తుంది, ఐదు పొరల మందం ఎనిమిదో వంతు తింటుంది, వెనక్కి అర అంగుళం మిగులుతుంది. కుట్టు గీత పావులోనే ఉంది గనక దాన్ని దాటి పావు కప్పుతుంది. కానీ 3/8 మీద కుడితే వెనక మిగిలేది పావే, కుట్టు గీతే అందదు. కాబట్టి పట్టీ రెండుంబావు అయితే కుట్టు పావు దాటకూడదు. పావు కంటే లోపలికి కుట్టాలనుకునే వాళ్లు రెండున్నరే తీసుకోవాలి. ఏడెనిమిది పొరల బొంతయితే రెండు ముప్పావు.

గొట్టం సంగతి. ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు కాబట్టి నిదానంగా చదవండి. ఏటవాలు గుడ్డని ఉల్టా వైపు పైకి ఉండేలా బల్ల మీద పరచండి. పొడుగు అంచులు రెండూ ఐమూల అంచులు, గీతలు వాటికే సమాంతరంగా ఉన్నాయో చూసుకోండి. పొట్టి అంచులు రెండూ నేరు పోగు అంచులు, కలపాల్సింది వీటినే. పొట్టి అంచు రెండింటి మీదా పావు అంగుళం లోపల సన్నగా కుట్టు గీత గీయండి. సుద్దముక్క కొస మొద్దుబారితే గీతే పావంగుళం మందం అవుతుంది, కాబట్టి పెన్సిలుతో గీయండి, లేదా సబ్బు పలకని బాగా చెక్కుకోండి.

ఇప్పుడు మంచి వైపు లోపలికి వచ్చేలా రెండు పొట్టి అంచుల్నీ దగ్గరికి తీసుకురండి. గీతకి గీత నేరుగా కలిపితే గాజులే వస్తాయి, మీకు కిందటిసారి వచ్చింది అదే. ఒక వైపు ఒక గీత జరపాలి. ఎడమ అంచు మీద పైనుంచి మొదటి గీతని కుడి అంచు పై కొసతో కలపండి, ఎడమ రెండో గీతని కుడి మొదటి గీతతో, ఇలా చివరి దాకా. పైన ఒక పట్టీ వెడల్పు నాలుక బయటికి పొడుచుకొస్తుంది, కింద కూడా అలాగే ఒకటి. అది తప్పు కాదు, అలాగే రావాలి. గొట్టం కాస్త మెలిపడి కనిపిస్తుంది, దాన్ని సరిచేయబోయి జరిపింది వెనక్కి జరిపేస్తారు. జరపొద్దు.

గీతలు కలవాల్సిన చోటు గుడ్డ అంచు కాదు, పావు అంగుళం లోపల మీరు గీసిన కుట్టు గీత. అక్కడ ఒక గీత మీద గుండుసూది గుచ్చి, అవతల గుడ్డలో దాని జోడీ గీత మీద తేలిందో లేదో చూసి పెట్టండి. అంచు దగ్గర కలిపితే విప్పి ఇస్త్రీ చేశాక గీతలు మెట్లు మెట్లుగా తప్పుకుంటాయి, పట్టీ అతుకు దగ్గర ఒక పక్క సన్నంగా ఇంకో పక్క లావుగా వస్తుంది.

అతుకులు రెండూ చిన్న కుట్లతో వేయండి, అంగుళానికి 12 నుంచి 14. పట్టీ కత్తిరించేటప్పుడు ఆ కుట్లని అడ్డంగా తెంపుతాం కదా, పెద్ద కుట్లయితే కొసలు ఊడిపోతాయి. మార్జిన్లు రెండు వైపులా విప్పి ఇస్త్రీ చేయండి, ఒక వైపుకి మడిస్తే ఆ చోట బొంత అంచు గడ్డకట్టినట్టు ఉబ్బుతుంది. కత్తిరించడం నాలుక దగ్గర మొదలుపెట్టి గీత వెంట చుట్టూ తిరుగుతూ పోవడమే. గొట్టం లోపల ఒక అట్టముక్క పెట్టుకోండి, కింద పొర తెగకుండా ఉంటుంది.


పాతచీరల_బొంతలు (బొబ్బిలి):

గొట్టం మంచి పద్ధతే, కాదనను. కానీ దానికి ముందు చూసుకోవలసినవి రెండు మూడు ఉన్నాయి.

నాలుగు మూలలూ మూలమట్టంగా ఉన్న బొంతకి ఐమూల పట్టీ తప్పనిసరి కాదు. అడ్డ పోగు పట్టీ గుడ్డ తక్కువ తింటుంది. 315 అంగుళాలకి రెండున్నర వెడల్పు పట్టీలు, 44 పన్నాలో అంచులూ అతుకులూ పోగా ఒక్కో దానికి దాదాపు 40 చొప్పున ఎనిమిది కావాలి. ఎనిమిది రెండున్నరలు 20 అంగుళాలు, అంటే అర మీటరు పైన కొంచెం. ఐమూలకి 30 అంగుళాల చదరం కావాలి, అంటే ముప్పావు మీటరు పైన కొంచెం. కానీ గుండ్రటి మూలకి ఐమూలే కావాలి, అడ్డ పోగు పట్టీ వంపులో తిరగదు, మడతలు పడుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. అడ్డ పోగు పట్టీ మడత మీద ఒకే రెండు మూడు పోగులు ఒరిపిడి అంతా భరిస్తాయి, అవి తెగితే అంచు పొడవునా చీలుతుంది. ఐమూల పట్టీ మడత మీద ఎన్నో పోగులు అడ్డంగా దాటుతాయి, ఒకటి తెగినా చీలిక సాగదు. రోజూ కప్పుకుని, వారానికోసారి ఉతికే బొంతకి అది నిజంగా పనికొచ్చే గుణం. గంటస్తంభంగారూ, మీరు ఐమూల ఎంచుకోవడం సరైనదే.

గుడ్డ మాట. పాప్లిన్ బాగుంటుంది. రూబియా జాకెట్టు గుడ్డ సన్నం, మడత నునుపుగా వస్తుంది కానీ అంచుకి త్వరగా అరుగుతుంది. పొందూరు ఖాదీ మన జిల్లాల గర్వం, వాలుగ చేప దవడ పళ్లతో దూది ఏకి చేత్తో వడికిన సన్న నూలు అది, కానీ ఆ సన్నదనమే ఇక్కడ అడ్డం. ఐమూలగా కోస్తే చేతిలో సాగిపోతుంది, ఒరిపిడికి నిలవదు. ఖాదీయే వేయాలనుకుంటే కాస్త లావు నూలుది తీసుకోండి, కోయకముందు గంజి పెట్టి ఆరబెట్టి ఇస్త్రీ చేయండి. పాప్లిన్‌కైనా పలచటి గంజి పెట్టి చూడండి, ఐమూల అంచు సాగకుండా కాగితంలా నిలబడుతుంది, గీత గీయడానికీ కత్తిరించడానికీ ఎంతో హాయి. అన్నం వార్చిన గంజి అయితే వడకట్టి నీళ్లు కలిపి వాడండి, మెతుకు ఉంటే ఇస్త్రీపెట్టెకి అంటుకుంటుంది.

గంజి కంటే ముందు ఒకసారి ఉతకాలి. మెరూన్ అన్నారు, అది రంగు వదిలే రంగు. తడి తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది చూడండి, రంగు అంటితే అంటనంత వరకు ఉతకండి. బొంతలో తెల్ల చీర ఉంటే ఇది మరిచిపోకూడదు. ఉతికితే గుడ్డ ముడుచుకుంటుంది కూడా, కొలత ఆ తర్వాతే. ఇంకో బొంతకి కొనేటప్పుడు 30 అంగుళాల చదరం కావాలంటే 76 సెంటీమీటర్లు చాలదా అని దుకాణంలో అడుగుతారు, చాలదు. ముడుచుకోవడానికి, వంకరగా చింపిన కొసలు సరిచేయడానికి కలిపి 90 సెంటీమీటర్లు అడగండి. పన్నా 36 ఉన్న గుడ్డలోనూ 30 చదరం వస్తుంది, కానీ అంచు తీశాక ఎంత మిగులుతుందో దుకాణంలోనే కొలిచి చూసుకోండి.

ఒక్క విషయంలో పంతులమ్మగారితో తేడా ఉంది. పసిపిల్లల బొంతకి 23 చదరం గొట్టం చేయడం నాకు నచ్చదు. గొట్టం చిన్నదయితే లోపల కత్తెర తిప్పడానికి చోటుండదు, ఆ సుళువు అంతా పోతుంది. అంత చిన్నదానికి విడి ఐమూల పట్టీలు కోసి అతికేయడమే మేలు.


రాజాం_టైలరింగ్:

ఒప్పుకుంటాను చెల్లీ. 20 అంగుళాలకి తక్కువ చదరం అయితే విడి పట్టీలే. 23 దగ్గర ఎవరి చేతి వాటం వాళ్లది. పెద్దదానికి మాత్రం ఎనిమిది వరసల్ని విడిగా కోసి అతికితే ప్రతి అతుకునీ పట్టుకుని తిప్పి కుట్టాలి. గొట్టంలో రెండే పొడుగు కుట్లతో అన్ని అతుకులూ అయిపోతాయి.

ఒకటి చెప్పడం మరిచాను. గొట్టం నుంచి వచ్చిన పట్టీలో అతుకులు సగటున 19 అంగుళాలకి ఒకటి వస్తాయి, కానీ సమాన దూరంలో ఉండవు. కుట్టకముందు పట్టీని బొంత చుట్టూ ఊరికే పరిచి చూడండి, అతుకు మూల వంపు మీద పడితే పట్టీని రెండు మూడు అంగుళాలు జరిపి మొదలుపెట్టండి. ఐదు పొరల మందం మీద అతుకు పడితే సూది విరగవచ్చు.


గంటస్తంభం_కుట్లు (విజయనగరం):

అన్నగారికీ పంతులమ్మగారికీ బొబ్బిలి వదినగారికీ చాలా కృతజ్ఞతలండి. రెండుంబావుకి గీసి చూశాను, ఎనిమిది వరసలూ పడ్డాయి, చివర్న ఒకటిన్నర అంగుళాల చిన్న పట్టీ మిగిలింది, కత్తిరించి తీసేశాను. బొంత చుట్టూ టేపు నిలబెట్టి కొలిస్తే 292 వచ్చింది. గొట్టం కూడా ఒక గీత జరిపి గుండుసూదులు పెట్టాను, నాలుక బయటికి వచ్చింది.

రెండు సందేహాలు. వంపు మీద పట్టీని లాగి కుట్టాలా? చివర రెండు కొసలూ ఎలా కలపాలి? ప్రతిసారీ అక్కడే ముడత పడుతుంది. సంక్రాంతికి ముందే బొంత ఇచ్చేయాలి.


రాజాం_టైలరింగ్:

వంపు మీద లాగకూడదు. బయటికి వంగిన మూల మీద పట్టీలో బొంత అంచు చుట్టూ తిరిగే భాగానికి కుట్టు దగ్గర కంటే ఎక్కువ పొడవు కావాలి. లాగి కుడితే ఆ పొడవు చాలక మూల గిన్నెలా లోపలికి లేస్తుంది. వంపు మొదలయ్యే చోట నుంచి పట్టీని ఏమాత్రం బిగించకుండా, ఇంకా కాస్త వదులుగా తోస్తూ కుట్టండి. లోపలికి వంగిన అంచులకి మాత్రమే కొంచెం లాగాలి. మీ బొంతకి అవి లేవు. పట్టీని మడిచి ఇస్త్రీ చేసేటప్పుడు కూడా పెట్టెని జరపొద్దు, పెట్టి ఎత్తండి. జరిపితే ఐమూల గుడ్డ సాగి పట్టీ ఒకచోట సన్నమవుతుంది.

కొసల సంగతి. మూలకి దూరంగా, నిలువంచు మధ్యలో మొదలుపెట్టండి. మొదట 6 అంగుళాల తోక వదిలేసి కుట్టు మొదలుపెట్టి, చుట్టూ వచ్చాక మొదలుకి 10 అంగుళాల ముందు ఆపండి. బొంత బల్ల మీద పూర్తిగా ఆనేలా పరచండి, వేలాడితే కొలత తప్పుతుంది. మొదటి తోకని ఖాళీ మధ్యలో నేరుగా అడ్డంగా కత్తిరించండి. రెండో తోకని దాని మీద పరిచి, మొదటి దాని కొస నుంచి సరిగ్గా పట్టీ వెడల్పంత, మీకు రెండుంబావు, ఎక్కువ ఉంచి దాన్నీ నేరుగా కత్తిరించండి. ఇప్పుడు రెండు కొసల్నీ మడత విప్పి, మంచి వైపులు లోపలికి వచ్చేలా ఒకదానికొకటి అడ్డంగా, మూలమట్టం లాగ పెట్టి, మూల నుంచి మూలకి ఐమూల గీత గీసి గుండుసూది పెట్టండి. కుట్టకముందు లాగి చూడండి, ఖాళీకి సరిగ్గా సరిపోవాలి, వదులుగా ఉండకూడదు. సరిపోతే కుట్టి, పావు అంగుళం వదిలి మిగతాది కత్తిరించి, విప్పి ఇస్త్రీ చేసి మళ్లీ మడవండి.

మీకు ప్రతిసారీ అక్కడ ముడత పడుతుందంటే పొడవు ఎక్కువ ఉంచారన్నమాట. కొంతమంది కుట్టు మార్జినుకి అని ఇంకో అర అంగుళం కలుపుతారు. కలపకూడదు. మార్జిను ఆ రెండుంబావులోనే ఉంది.


పాతచీరల_బొంతలు (బొబ్బిలి):

వెనక అంచుని చేత్తోనే కుట్టండి, దారం పట్టీ రంగుదే, ఒక్క పోగుతో. పట్టీ మడత కుట్టు గీతని కప్పేలా లాగి, అంగుళానికి ఎనిమిది తొమ్మిది కుట్లు చాలు. మూలల దగ్గర మాత్రం దగ్గర దగ్గరగా వేయండి, కప్పుకున్నప్పుడు చేయి పట్టి లాగేది అక్కడే.